ఊరందరిదీ

"చదవను" అన్న మాట ఆ ఇంట్లో పడి ఒక రోజు దాటింది. దాన్ని తీసినవాళ్ళు లేరు, దాటినవాళ్ళూ లేరు. అందరూ దాని పక్కనుంచే తిరుగుతున్నారు.

గురువారం సాయంత్రం భోజనాల దగ్గర మళ్ళీ అదే రేగింది. రేపింది శేషాద్రి.

"అమ్మాయీ, ఒక్క సంగతి చెప్పు. అందులో తప్పుందా?" అన్నాడు, కోడలి మొహంకేసి చూడకుండా మజ్జిగ గ్లాసుకేసి చూస్తూ.

"తప్పు లేదు మావయ్యగారూ" అంది భానుశ్రీ.

"సంధి కుదరలేదా? ఊరు, అందరిదీ. ఊరందరిదీ. ఉత్వసంధి. పదో క్లాసు పిల్లాడిని అడిగినా చెబుతాడు."

"సంధి బాగానే ఉందండీ."

"మరెందుకు చదవవు?"

భానుశ్రీ అన్నం కలుపుతూనే ఉంది. కలిపిన ముద్ద నోటిదాకా రావడం లేదు.

శేషాద్రి ఏలూరు దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు దగ్గరికొచ్చి, సిడ్నీకి రోజు ప్రయాణం దూరంలో పత్తి పండే ఈ వారిందా అనే చిన్న పట్టణంలో కుదురుకున్నాడు. ఇక్కడ ఆయన తెలుగుతో ఎవరికీ పని లేదు. మనవరాలికి అ ఆలు దిద్దించడం, భార్య మాటల్లో వ్యాకరణ దోషాలు పట్టి ఆవిడ చేత చీవాట్లు తినడం, అంతే. అలాంటి మనిషికి మున్సిపాలిటీవాళ్ళు ఒక వాక్యం రాసిపెట్టమన్నారు. పెద్ద పండగ వచ్చినట్టయింది.

వాక్యం కొత్త పార్కు కోసం. ఆ చోట ఇదివరకు ఊరి స్విమ్మింగ్ పూల్ ఉండేది. ఒకప్పుడు ఆదివాసీ పిల్లల్ని అందులోకి రానిచ్చేవారు కాదు. అరవైల్లో సిడ్నీ నుంచి యూనివర్సిటీ విద్యార్థులు బస్సేసుకొచ్చి, ఆ పిల్లలతో కలిసి గేటు దగ్గర నిలబడ్డారు. తిట్లు తిన్నారు, గుడ్ల దెబ్బలు తిన్నారు, గేటు తెరిచేదాకా కదల్లేదు. పూల్ ముసలిదై పగుళ్ళిచ్చాక దాన్ని పూడ్చి, ఆ సంగతి మరిచిపోకుండా పార్కు కట్టారు. కట్టించిన ఇంజనీరు శేషాద్రి కొడుకు శ్రీకరే. శనివారం పొద్దున్న ప్రారంభం. పట్టణంలో ఎన్ని భాషలవాళ్ళుంటే అన్ని భాషల్లోనూ ఒకే మాట, స్టీలు బోర్డు మీద. ఈ పార్కు అందరిదీ అని.

"ఈ తోట ఊరందరిదీ." ఇదీ శేషాద్రి రాసింది. హాస్పిటల్లో నర్సుగా పట్టణమంతా ఎరిగిన మనిషి కాబట్టి, మైకులో చదవడానికి భానుశ్రీ పేరు వేశారు. బోర్డు చూసొచ్చిన సాయంత్రమే ఆమె చదవనంది.

"నేనప్పుడే చెప్పాను, ప్రజలందరిదీ అని రాయండీ అని" అంది కౌసల్య, కోడలి కంచంలో అడక్కుండానే ఇంకో వడియం వేస్తూ. "గవర్నమెంటాఫీసులా ఉంటుందన్నారు. మీ పాండిత్యం మీది. పిల్ల అన్నం మానేసింది."

"దానికీ దీనికీ సంబంధం ఏవిటే?"

"సంబంధం ఆ చోటుతో ఉంది. మంచి చోటు కాదది." కౌసల్య గొంతు తగ్గించింది. "నీళ్ళున్నచోటు పూడిస్తే ఊరుకుంటుందా? రోజూ ఇది మేజోళ్ళు తడుపుకుని వస్తోంది. వానా లేదు, వరదా లేదు."

ఇది అంటే అమృత. భానుశ్రీ కూతురు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

"ఇట్స్ నాట్ మై ఫాల్ట్, నానమ్మా. ద గ్రౌండ్ ఈజ్ వెట్. ఇట్ స్మెల్స్ లైక్ స్విమ్మింగ్."

"డ్రైనేజీ అమ్మా" అన్నాడు శ్రీకర్. పొద్దుటినుంచి అతను మాట్లాడిన మొదటి మాట అదే. "పూల్ అడుగున బొక్కలు కొట్టే పూడ్చాం. ఒక మూల నీళ్ళు కిందికి దిగట్లేదు. చూస్తాం."

"చూద్దువులే" అంది కౌసల్య. "తెల్లవాళ్ళకి దిష్టి తియ్యడం రాదు. నాలుగు నిమ్మకాయలు తెచ్చిపెడితే నేను తీస్తాను."

వేరే రోజైతే భానుశ్రీ నవ్వేది. ఆమె మొగుడికేసి చూసింది. శ్రీకర్ కంచంలోకి చూశాడు. ఆ బోర్డు మీది మాట ఆమెని ఎందుకు గుచ్చుతోందో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు. తెలిసినవాడి మౌనం తెలియనివాళ్ళ ప్రశ్నల కన్నా బరువు.

ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచింది. సింకులో కుళాయి తిప్పి, కింద ఉన్న గిన్నె నిండుతుంటే అలా వింటూ నిలబడిపోయింది. బుడబుడమని బిందె మునుగుతున్న చప్పుడు. బోర్డు చూసిన దగ్గరనుంచి ఏ నీళ్ళు విన్నా అదే చప్పుడు.

---

శుక్రవారం మధ్యాహ్నం శ్రీకర్ హాస్పిటల్ పార్కింగులోకి వచ్చేసరికి భానుశ్రీ కారులో కూర్చుని ఫోనులో తల్లితో మాట్లాడుతోంది. ఆమె పుట్టిల్లు ఆ కారులోనే. ఇంట్లో ఎప్పుడూ తల్లికి ఫోను చెయ్యదు. తల్లి మాటల్లో పేట వినబడుతుంది, అత్తగారి చెవులు చురుకైనవి.

శ్రీకర్ పక్క సీట్లో కూర్చునేసరికి ఆమె ఫోను పెట్టేసింది.

"అత్తయ్యగారేనా? ఎలా ఉన్నారు?"

"బానే ఉంది. నువ్వెందుకొచ్చావో చెప్పు."

"భానూ, బోర్డులు బిగించేశారు. ఇప్పుడు మార్చడం అవ్వదు. మేయర్ ఆఫీస్ నుంచి ప్రోగ్రామ్ కూడా వెళ్ళిపోయింది. నీ పేరుంది అందులో. జస్ట్ వన్ లైన్. చదివేసి దిగిపో, ప్లీజ్."

"వన్ లైన్ కాదు, వన్ వర్డ్. నీకు తెలుసు."

అతనికి తెలుసు. మెల్‌బోర్న్‌లో క్రెయిగీబర్న్‌లో చిన్న యూనిట్‌లో ఉంటూ వీళ్ళిద్దరూ రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నప్పుడు, కౌసల్య ఫోనులో ఏడవలేదు, అరవలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మన కులం కాదన్నావు, సరే. ఊళ్ళోవాళ్ళా, అవతలివాళ్ళా?" శ్రీకర్ తడుముకోకుండా చెప్పాడు. "ఊళ్ళోవాళ్ళేనమ్మా." ఊరంటే ఊరు. కాలవకి అవతల దళితులుండేది పేట. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళెవరికీ ఆ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కౌసల్య మరి అడగలేదు. కోడల్ని కడుపున పుట్టినదానికన్నా ఎక్కువ చూసుకుంది. పురిటికి వచ్చి తలంటు పోసింది, పథ్యం వండి పెట్టింది. మనవరాలిని ఒళ్ళోంచి దించలేదు.

"ఆ రోజు ఆ మాట అనకపోతే అమ్మావాళ్ళు మనింటి గుమ్మం ఎక్కేవాళ్ళా? ఆ ఒక్క మాట మీద ఇల్లు నిలబడింది భానూ."

"నిలబడింది. దాని కింద ఎవరున్నారో చూశావా?"

శ్రీకర్ తన ఫోను తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోయిన దీపావళికి టామ్‌వర్త్ నుంచి ఎవరో తెలుగువాళ్ళు వచ్చారు చూడు. వాళ్ళ ఇంటిపేరు తెలిశాక అత్తయ్యగారు ఏం చేశారు? వాళ్ళు తాగిన కప్పులు గరాజ్‌లో పెట్టేశారు. పారెయ్యడానికి మనసొప్పలేదు, వాడుకోడానికీ ఒప్పలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నేను కారు తీసినప్పుడల్లా చూస్తాను."

"అమ్మ పాతకాలం మనిషి. షి లవ్స్ యూ."

"నన్ను కాదు, ఊళ్ళోవాళ్ళ పిల్లని. నేనింకా ఆవిడకి కనబడలేదు."

ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. కోపమైతే శ్రీకర్‌కి బాగుండేది. భయం వేసింది అతనికి.

"ఆంటీ డొరీన్ తెలుసుగా" అంది భానుశ్రీ.

ఎందుకు తెలియదు? వారిందాలో అందరికీ తెలుసు. ఆదివాసీ పెద్దావిడ. ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డ పిల్లల్లో ఒకతె. తెల్లవాళ్ళు కూడా ఆవిడని ఆంటీ అనే పిలుస్తారు. ఈ సంగతి విని కౌసల్య, "అయితే వీళ్ళకీ వరసలున్నాయన్నమాట" అని తెగ సంబరపడింది. ఆంటీ డొరీన్ డయాలిసిస్‌కి వచ్చినప్పుడల్లా సూది భానుశ్రీయే గుచ్చాలి, వేరేవాళ్ళకి చెయ్యి చాపదు.

"మొన్న చెప్పింది. వాళ్ళ చిన్న తమ్ముణ్ణి పూల్‌లోకి రానివ్వలేదని నదికి వెళ్ళాడంట. నది లాగేసుకుంది. పేరు కూడా పలకదు, పోయినవాళ్ళ పేరు పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తారంట. మై లిటిల్ బ్రదర్ అంటుంది అంతే." భానుశ్రీ స్టీరింగ్ పట్టుకుంది, కారు కదలకపోయినా. "మా మేనత్త సంగతి నీకు చెప్పాను."

"చెప్పావు."

"మళ్ళీ విను. ఊరి బావిలో మేం చేదుకోకూడదు. ఎవరైనా దయతలచి పొయ్యాలి. ఆ రోజు మా నాయనమ్మ బిందె పెట్టుకుని ఎండలో కూర్చుంది, ఎవరూ రాలేదు. మా అత్త బిందె తీసుకుని కాలవకెళ్ళింది. కాలవ పొంగు మీదుంది. బిందె మాత్రం తేలుకుంటూ వచ్చింది. ఆ బావి మీద సిమెంటులో ఏం రాసుందో తెలుసా? ఊరందరి సౌకర్యార్థం."

శ్రీకర్ కళ్ళు మూసుకున్నాడు.

"మావయ్యగారు ఆ మాట ప్రేమతోనే రాశారు. అదే నా బాధ" అంది ఆమె. "ఆ బావి మీద రాసినవాళ్ళు కూడా మంచి మనసుతోనే రాసుంటారు."

"సిడ్నీ పక్క పారమట్టా వెళ్ళిపోదాం" అన్నాడు శ్రీకర్ చివరికి. "అక్కడ జాబ్ చూస్తాను. అమ్మావాళ్ళకి తెలుగువాళ్ళ కంపెనీ ఉంటుంది. కొంచెం టైమివ్వు, మెల్లగా చెబుదాం."

"అమృతకి తన జడ తనే వేసుకోవడం వచ్చేసింది శ్రీ. నువ్వింకా మెల్లగానే ఉన్నావు."

ఆమె కారు దిగి వార్డులోకి వెళ్ళిపోయింది. శ్రీకర్ ఖాళీ కారులో కూర్చుని, ఎవరిమీద విసుక్కోవాలో తెలియక, డ్రైనేజీ కాంట్రాక్టరుకి ఫోను చేసి విసుక్కున్నాడు.

---

సాయంత్రం బడి వదలగానే శేషాద్రి మనవరాలిని పార్కులోంచి ఇంటికి నడిపించుకొస్తున్నాడు. బోర్డు బిగించాక ప్రారంభందాకా దానికి గుడ్డ కప్పారు. పాత పూల్ చుట్టూ ఉండిన ఇనుప వల కంచెలో ఒక ముక్కని గుర్తుగా అలాగే ఉంచారు. దాని పక్క బల్ల మీద ఆంటీ డొరీన్ కూర్చుని ఉంది, చేతికి డయాలిసిస్ కట్టు.

"హలో ఆంటీ" అంది అమృత. అని, బూట్లు విప్పి గడ్డి మూలకి పరిగెత్తింది. అక్కడ నేల మెరుస్తోంది. ఎండ చుర్రుమంటున్నా ఆరలేదు.

"నాటీ గర్ల్! నీళ్ళలో వద్దు!" అన్నాడు శేషాద్రి.

"ఆడుకోనీ" అంది డొరీన్. "వాళ్ళు పిల్లలే. ఈత కొట్టాలని వస్తారు. ఎవరికీ చెడు చెయ్యరు."

వాళ్ళు అని ఎందుకంది? అక్కడున్నది ఒక్క పిల్లే కదా. శేషాద్రి అడగబోయి ఆగాడు. గాలి లేదు. గడ్డి మూలనుంచి క్లోరిన్ వాసన సన్నగా వచ్చింది. ఆయన హేతువాది. అయినా పంచె కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు.

పక్కన కూర్చుని, క్లాసులో పాఠం చెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ ఇంగ్లీషులో అడిగాడు. "మేడమ్, మీ ఇల్లు ఇక్కడికి దగ్గరా అప్పట్లో?"

డొరీన్ నదికేసి గడ్డంతో చూపించింది. "అవతల. మిషన్‌లో. మమ్మల్ని ఉంచిన చోటు. సాయంత్రం గంట కొడితే మేము నది దాటి వెళ్ళిపోవాలి."

"కానీ టౌనులోనే కదా? టౌన్ పీపుల్?"

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని చోట గాలి పోయింది.

"ఇట్ వాజ్ ద టౌన్ పూల్, లవ్. వీ వెరన్ట్ టౌన్."

ముప్పై అయిదేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పిన మనిషి. ఏ ఇంగ్లీషు వాక్యం విన్నా లోపల దానంతటదే తెలుగవుతుంది. ఇదీ అయింది. *అది ఊరి కొలను. మేము ఊరు కాదు.*

అయ్యాక ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. తెలుగులోకి వచ్చి, తెలుగు ఊళ్ళోకి నడిచి, కాలవ దాకా వెళ్ళి, అవతల ఒడ్డున నిలబడింది. శేషాద్రి గుడ్డ కప్పిన బోర్డుకేసి చూశాడు. తను రాసిన మాట ఆ గుడ్డ కిందనుంచి తనకేసి చూస్తున్నట్టు అనిపించింది.

ఆయన స్కూల్లో కాలవ అవతలి పిల్లలు వెనక వరసలో కూర్చునేవారు. హాజరు పిలిచేటప్పుడు వాళ్ళ పేర్ల పక్కన "పేట" అని ఆయనే అనేవాడు, ఒకే పేరున్న ఇద్దరుంటే గుర్తుకోసం. ఊళ్ళో పిల్లాడి పేరు పక్కన "ఊరు" అని ఎప్పుడూ అనలేదు. అవసరం రాలేదు.

కోడలు తలవంచుకుని అన్నం కలుపుతున్న తీరు జ్ఞాపకం వచ్చింది. *సంధి బాగానే ఉందండీ.* తల్లితో ఫోను ఎప్పుడూ కారులోనే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వియ్యపురాలి గొంతు ఒక్కసారైనా విన్నారా తాము? కౌసల్య ఆనాడు ఫోనులో వేసిన ప్రశ్న ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. కొడుకు జవాబూ విన్నాడు. జవాబులో కొంచెం తొందర ఎక్కువైందని అప్పుడే అనిపించింది. మాస్టారికి ఆ తొందర తెలియదా? తప్పు జవాబు చెప్పే పిల్లలే తొందరగా చెబుతారు.

"తాతయ్యా, లుక్!" అంది అమృత. కంచె పక్కన సిమెంటు దారి మీద తడి పాదాల గుర్తులు. తనవేనంది. కంచె బయట వైపు కూడా కొన్ని ఉన్నాయి. పిల్ల అటువైపు వెళ్ళగా ఆయన చూడలేదు.

డొరీన్ వాటిని చూసి తల ఊపింది, తెలిసినవాళ్ళని పలకరించినట్టు.

---

భానుశ్రీ పెరట్లో ఆరిన బట్టలు తీస్తోంది. శేషాద్రి మెల్లగా వచ్చి తీగ మీది తువ్వాలు ఒకటి తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన ఎప్పుడూ చెయ్యని పని. మడత వంకరగా వచ్చింది.

"అమ్మాయీ, రేపు నువ్వు చదవక్కర్లేదు."

ఆమె చేతులు ఆగాయి.

"మాట తప్పుగా ఎంచుకున్నాను. వ్యాకరణం తప్పలేదు. మనిషి తప్పాడు." తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "నేను చదువుతాను. రాసినవాడే చదివితే బావుంటుందని శ్రీకర్ చేత చెప్పిస్తాను. నువ్వు మీ అత్తయ్య పక్కన కూర్చో."

"మావయ్యగారూ, మీకు..." ఆమె చేతిలోని బట్టలు బుట్టలో పడేసింది. "మీకు తెలిసిందా?"

"నేనేమీ అడగలేదమ్మా. నువ్వేమీ చెప్పలేదు."

అంత ప్రేమగా అన్నాడు ఆ మాట. భానుశ్రీకి ఆయన కాళ్ళమీద పడి ఏడవాలనిపించింది. మరుక్షణం ఆ మాట చుట్టూ ఉన్న గోడ కనపడింది.

"అడగరా?" అంది.

"అడిగితే నువ్వు చెప్పాలి. చెబితే ఆవిడ వినాలి." వంటింటి కిటికీకేసి చూశాడు. లోపల కౌసల్య అమృతకి జంతికలు పెడుతూ ఏదో పాడుతోంది. "ముప్పొద్దులా నీ పేరే తలుచుకుంటుంది. ఆ మనసు విరిగితే అతకడం నావల్ల కాదు. కొన్ని తెలిసినా తెలియనట్టుంటేనే ఇల్లు నిలుస్తుంది తల్లీ."

"మీకు అభ్యంతరం లేదా? నేను... అయినా?"

శేషాద్రి తువ్వాలు అంచులు సరిచేశాడు. నిజం చెప్పాలంటే ఆయనకే తెలియదు. వెతుక్కున్నాడు. తీగ మీద గాలికి చీర ఒకటి ఊగింది.

"నువ్వు పెట్టిన అన్నం ఇన్నేళ్ళు తిన్నాను" అన్నాడు. "దానికి మించి నన్ను అడక్కు."

తువ్వాలు బుట్టలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మంచివాడు. మంచివాడు కాబట్టే ఆమెకి ఊపిరాడలేదు. ఇన్నాళ్ళూ ఆ అబద్ధాన్ని మొగుడొక్కడే మోస్తున్నాడు. ఈ రోజునుంచి మామగారూ ఒక చెయ్యి వేస్తారు. అత్తగారు చనిపోయేదాకా, తను చనిపోయేదాకా, అమృత పెళ్ళిలో కూడా, అందరూ కలిసి జాగ్రత్తగా ఆ బిందెను మోస్తారు. చుక్క తొణకదు.

---

శనివారం పొద్దున్న పార్కు నిండిపోయింది. తమవాళ్ళ ఆచారం ప్రకారం యూకలిప్టస్ ఆకుల పొగ వేసి ఆంటీ డొరీన్ అందరికీ స్వాగతం చెప్పింది. తమ్ముడి పేరు చెప్పలేదు. "గేటు తెరిచేసరికి కొందరు పెద్దవాళ్ళయిపోయారు, కొందరు అసలు లేరు" అని మాత్రం అంది.

కౌసల్య పట్టుచీర కట్టింది. మొగుడు మైకులో మాట్లాడతాడని తెలిసి ఆయన జుట్టు కూడా ఆవిడే దువ్వింది. భానుశ్రీ తల్లో నందివర్ధనం పువ్వు పెట్టి, "నువ్వే చదివితే ఎంత బావుండేదే" అని బుగ్గ నిమిరింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనాన్ని గుర్తు పెట్టుకోవాలని భానుశ్రీ అనుకుంది.

వీళ్ళకి కుర్చీలు తడి మూల పక్కనే దొరికాయి. "చూశావా, వానా లేదు, వరదా లేదు" అంది కౌసల్య, తడిసిన చీర అంచు చూసుకుంటూ. అమృత ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

గుడ్డ లాగేశారు. బోర్డు ఎండలో తళుక్కుమంది. ఫిలిప్పీన్స్ నర్సు తన వాక్యం చదివింది. మోటెల్ నడిపే ఫిజీ ఆయన చదివాడు. ఒక్కొక్కరికీ చప్పట్లు. "నెక్స్ట్, తెలుగు" అన్నాడు మైకు దగ్గరున్న శ్రీకర్.

శేషాద్రి కండువా సవరించుకుని లేచాడు. ఆయన మోకాళ్ళు పట్టేసి నిలదొక్కుకునేలోగా వరస అవతలి చివరనుంచి భానుశ్రీ లేచింది.

"భానూ" అన్నాడు శ్రీకర్. మైకులో పడింది ఆ మాట. జనం నవ్వారు, మొగుడూ పెళ్ళాల సరదా అనుకుని.

భానుశ్రీ మైకు తీసుకుంది. బోర్డుకేసి చూడలేదు. చూడక్కర్లేదు, ఆ మాట పుట్టినప్పటినుంచీ తెలుసు. ఎక్కడో నీళ్ళలో ఏదో మునుగుతున్న చప్పుడైంది. ఈసారి తనొక్కదానికే కాదు, కంచె దగ్గర కూర్చున్న డొరీన్ కూడా తల తిప్పి చూసింది.

"ఈ తోట ఊరందరిదీ" అంది భానుశ్రీ.

కౌసల్య మొహం వికసించింది. శ్రీకర్ ఊపిరి వదిలాడు. శేషాద్రి వదల్లేదు. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఊరిదీ, పేటదీ" అంది భానుశ్రీ. "కాలవ అవతల పేటలో పుట్టిన నాదీ."

పట్టణం పట్టణమంతా చప్పట్లు కొట్టింది. ఎవరో ఈల కూడా వేశారు. తెలుగు తెలియని చేతులు ఎంత సంతోషంగా కొడుతున్నాయో, ఆ ఒక్క వరస అంత నిశ్శబ్దంగా ఉంది.

శేషాద్రి కూర్చోలేదు, చప్పట్లు కొట్టలేదు. కోడలికేసి చూస్తూ నిలబడ్డాడు. కౌసల్య నవ్వు మొహం మీదే ఉంది. దాన్ని తియ్యడం ఆవిడకి ఇంకా తెలియలేదు.

చప్పట్లు ఆగాయి.

"నానమ్మా" అంది అమృత, అందరికీ వినబడేలా. "వాట్స్ పేట?"

కౌసల్య పిల్లకేసి చూసింది. తన చేతిలో ఉన్న ఆ చిన్న చేతికేసి చూసింది, అది ఎవరిదో ఇప్పుడే చూస్తున్నట్టు. వదల్లేదు. పట్టూ బిగించలేదు. తడి అంచు కాళ్ళకి అంటుకుని ఉండగా మెల్లగా తలెత్తి కొడుకుని వెతుక్కుంది.

"చెప్పరా" అంది. "నీ కూతురు అడుగుతోంది."